“ఇంతకీ మావాడికి ఎన్ని అక్షరాలు వచ్చాయి?”

ఒక మ్యూజియం విద్యా విభాగంలో పనిచేసే పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ప్రతి శనివారం ఉదయం గంటసేపు బొమ్మలు, ఆటలతో అక్షరాలు పరిచయం చేసే తరగతి ఆవిడది. మొత్తం 8 వారాలు. 16 మందితో మొదలైంది, నాలుగో వారానికి 9 మంది మిగిలారు. మొదట్లో పిల్లల్ని ఆరు గదులూ తిప్పి, చివర్లో పెద్ద అక్షరం అచ్చువేసిన కాగితం ఇచ్చి రంగులు నింపమన్నారు. మూడో గదికే పిల్లలు విసిగి పరుగులు తీశారు. ఒక బాబు అద్దాల పెట్టెను రెండు చేతులతో బాదాడు. ఇక పిల్లల్ని గ్యాలరీలోకి తేవద్దని వస్తువుల సంరక్షణ చూసే క్యూరేటర్ అన్నారు. “ఈ వయసులో అక్షరాలేమిటండీ, మట్టి ఇచ్చి వదిలెయ్యండి” అని తోటి ఉద్యోగి సలహా. సరే అని ఒక వారం అలాగే వదిలేస్తే పిల్లలు సంతోషించారు గానీ తల్లిదండ్రులు ముఖాలు ముడుచుకున్నారు. వెళ్లిపోతూ ఒకావిడ “ఇంతకీ మావాడికి ఎన్ని అక్షరాలు వచ్చాయి?” అని అడిగారట. వీటికి తోడు, ఒక పాప నాలుగు వారాలుగా నోరు విప్పలేదు. కార్యక్రమం ముగిశాక పైఅధికారులకు ఫలితం చూపించాలి. “నేను చదువు చెబుతున్నానో, పిల్లల్ని ఆడిస్తున్నానో నాకే తెలియడం లేదు. మిగిలిన నాలుగు వారాలూ ఎలా నడపను? మానేయమంటారా?” అని ఆవిడ ప్రశ్న.

మీ ఉత్తరంలో రెండు చిక్కులు కలిసిపోయాయి. పిల్లలకు ఏం కావాలన్నది ఒకటి. వాళ్లకు ఏం వచ్చిందో పెద్దవాళ్లకు ఎలా కనిపించాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు వెతుకుతూ రెండోదాన్ని వదిలేశారు. అది ఎదురొచ్చి నిలబడేసరికి చేస్తున్న పని మీదే నమ్మకం సడలింది. మీ తోటి ఉద్యోగి మాటలో సగం నిజం ఉంది, ఆ తల్లి ప్రశ్నలోనూ ఉంది. ఇద్దరిలో ఎవరినీ కొట్టిపారేయకండి.

ముందు ఆ రంగుల కాగితం సంగతి. అచ్చువేసిన అక్షరంలో రంగు నింపేటప్పుడు పిల్లవాడి చెయ్యి అక్షరం తిరిగే దారిలో తిరగదు. అంచులు దాటకుండా ఒక ఖాళీని పూడుస్తుంది, అంతే. ‘ప’ ఎక్కడ మొదలై ఎటు వంపు తిరుగుతుందో ఆ చేతికి తెలియదు, దాని ధ్వని చెవికి తెలియదు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టినా ఆ పని అక్షరానికి దగ్గర చేయదు. పిల్లలు పారిపోయారంటే తప్పు వాళ్లదీ కాదు, మీదీ కాదు.

అక్షరాన్ని పట్టుకునే ముందు పిల్లవాడికి కొన్ని సమకూరాలి. మాటలు కావాలి. మాటలో ఉన్న ధ్వనులు విడివిడిగా వినపడాలి. కాగితం మీది గీతలు ఎవరో అన్న మాటలేనని, అవి ఎవరు చదివినా అలాగే పలుకుతాయని అర్థం కావాలి. చూసినదాన్ని ముందూ వెనకా చెప్పగలగాలి. వేళ్లకు పట్టు రావాలి. మ్యూజియం ఇవన్నీ ఇవ్వగలదు, అదీ గోడమీది అట్టల కన్నా బాగా. అక్షరాల పట్టికలో పడవ బొమ్మ చూస్తే పిల్లవాడికి దొరికేది ఒక్క మాట. అసలు పడవ ముందు కూర్చుంటే తెడ్డు, తెరచాప, చుక్కాని, తాడు, ముడి, పగులు, అన్నీ దొరుకుతాయి. కాకపోతే అవి వాటంతట అవి రావు, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు మాట్లాడించాలి. “మట్టి ఇచ్చి వదిలెయ్యండి” అన్న సలహా తప్పేది ఇక్కడే. మట్టి మంచిదే. పక్కన మాట లేకపోతే అది వేళ్లకు పని చెప్పి ఊరుకుంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. కాగితాలే కొనసాగిస్తే తల్లిదండ్రులకు చేతిలో ఒక వస్తువు కనిపిస్తుంది, కొన్ని వారాలు ఊరుకుంటారు. ఆ కాగితం ఇంట్లోనూ దొరుకుతుంది కాబట్టి మ్యూజియం దాకా ఎందుకన్న ప్రశ్న మాత్రం తప్పదు. పూర్తిగా స్వేచ్ఛగా వదిలేస్తే పిల్లలు మళ్లీ మళ్లీ వస్తామంటారు. తీసుకొచ్చేవాళ్లు మాత్రం తగ్గిపోతారు, అధికారుల ముందు మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. గ్యాలరీ ఊసు లేకుండా వస్తువుల నకళ్లతో పనిగదిలోనే నడిపితే క్యూరేటర్‌కు బెంగ ఉండదు. తాకే అవకాశం పెరుగుతుంది, అసలు వస్తువు ముందు కలిగే ఆశ్చర్యం పోతుంది. నాలుగో దారి వారానికి ఒకే వస్తువు, దాని చుట్టూ మాట, దాన్నుంచి ఒక చేతిపని, చివరికి ఒకే అక్షరం. మా మొగ్గు దీనివైపే. దీనికి ముందస్తు ఏర్పాటు ఎక్కువ కావాలి, మీకు తోడుగా ఇంకొకరు తప్పనిసరి. అవి కుదరవనుకుంటే నకళ్ల దారి కూడా చిన్నదేమీ కాదు.

కుదిరితే ఎలా ఉంటుందో చెబుతాం. పడవనే తీసుకుందాం.

వస్తువును ఎంచుకునే ముందు మీరు నేలమీద మోకాళ్లపై కూర్చుని చూడండి. నాలుగేళ్ల పిల్లల కళ్లు నేల నుంచి సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. చాలా గ్యాలరీల్లో గోడమీది చిత్రాల మధ్యభాగం 145, 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీకు పడవ కనిపించిన చోట వాళ్లకు పెట్టె అడుగు చెక్క, అద్దంలో దీపం మెరుపు కనిపిస్తూ ఉండవచ్చు. ఆరు గదుల్లో పరుగెత్తిన పిల్లలు నిజానికి ఎన్ని వస్తువులు చూడగలిగారో ఈ లెక్కన ఆలోచించండి. తక్కువ ఎత్తులో ఉన్నదీ, దూరం నుంచే ఆకారం తెలిసేదీ, భాగాలు పేరుపెట్టి చెప్పగలిగేదీ ఎంచుకోండి. పనిగదికి దగ్గరగా ఉంటే ఇంకా మేలు. పాత వస్త్రాలు, కాగితం మీది చిత్రాలు ఉన్న గదులు వద్దు. అవి వెలిసిపోకుండా అక్కడ వెలుతురు బాగా తగ్గించి 50 లక్సుల (వెలుతురు కొలిచే ప్రమాణం) దగ్గరే ఉంచుతారు, చిన్నపిల్లలు ఆ మసకలో బెదురుతారు.

పిల్లలు రాగానే మొదటి పని పేరు వెతుక్కోవడం. అట్టముక్కల మీద వాళ్ల పేర్లు పెద్దగా రాసి బల్లమీద పరచండి. మూడేళ్ల వాళ్లకు పేరు పక్కన ఒక గుర్తు, చేపో చక్రమో, వేసి పెట్టండి. తనది తీసి పలకకు తగిలించడమే హాజరు. ఏ బిడ్డకైనా మొట్టమొదట ఇష్టంగా గుర్తుపట్టే మాట తన పేరే కాబట్టి ఈ ఐదు నిమిషాలూ వృథా అనుకోకండి. రెండు వారాల తర్వాత గుర్తు ఉన్న భాగాన్ని వెనక్కి మడిచి చూడండి, ఎవరు అక్షరాన్ని బట్టి పట్టుకుంటున్నారో తెలిసిపోతుంది.

తర్వాత గ్యాలరీ. ఒక విడతకు నలుగురైదుగురే, 12 నిమిషాలు మించకూడదు. మిగిలిన వాళ్లు ఆ సమయంలో పనిగదిలో ఉండాలి. మట్టి ఇవ్వమన్న ఆ తోటి ఉద్యోగికే మట్టి బల్ల అప్పగించండి. ఆయన నమ్మే పని ఆయన చేస్తారు, మీకు రెండో మనిషి దొరుకుతారు. పెట్టెకు మీటరు దూరంలో చిన్న చాపముక్కలు వేసి ఒక్కొక్కరికి ఒకటి చూపించండి. “ముట్టుకోవద్దు” అన్న మాట ఈ వయసులో నిలవదు, చేతులకు వేరే పని కావాలి. ఒకరి చేతిలో తాడుముక్క, ఒకరికి నున్నటి చెక్క, ఇంకొకరికి ముతక గుడ్డముక్క ఇవ్వండి. అద్దంలోపల ఉన్నదేదో చేతిలోనూ ఉంటే కళ్లు, వేళ్లు కలిసి పనిచేస్తాయి, అద్దం జోలికి పోవాలన్న ఆరాటం తగ్గుతుంది.

మాట్లాడించడానికి మ్యూజియం విద్యావేత్త ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగెయిల్ హౌసెన్ రూపొందించిన మూడు ప్రశ్నల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడేం జరుగుతోంది, ఏం చూసి అలా అనిపించింది, ఇంకా ఏం కనిపిస్తోంది అని అడగడం. చిన్నపిల్లల దగ్గర రెండో ప్రశ్నను కాస్త మార్చండి. “ఎందుకలా అన్నావు?” అంటే మూడేళ్ల వాడికి తప్పు చేశానేమో అనిపిస్తుంది. “ఎక్కడుందో చూపించు” అంటే వేలు చాస్తాడు, వేలు వెంట మాట వస్తుంది. “ఇదేంటి?” అనే ప్రశ్న తగ్గించండి. దానికి ఒకటే జవాబు, అది చెప్పగలిగినవాడు ఒక్కడే, మిగిలినవాళ్లు అక్కడితో దిక్కులు చూస్తారు. అడిగాక ఆగడం అన్నిటికన్నా కష్టం. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవు పెరుగుతుందని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో తేలింది. ఈ వయసుకు అయిదు లెక్కపెట్టుకుంటూ ఆగండి. పిల్లవాడు “కర్ర” అంటే సరిదిద్దకండి, దాన్నే పెంచి తిరిగి ఇవ్వండి: “అవును, పొడవాటి కర్ర. చివర వెడల్పుగా ఉంది చూశావా? నీళ్లను వెనక్కి తోస్తుంది. దీన్ని తెడ్డు అంటారు.” అదే మాట పనిగదిలో మరో రెండుసార్లు వినపడాలి. ఒక్కసారి విన్న కొత్తమాట ఆ పూటకే ఉంటుంది.

ధ్వని ఆట పడవ ముందే మొదలెట్టవచ్చు. ప–డ–వ, మూడు చప్పట్లు. తెడ్డు వేస్తున్నట్టు ఊగుతూ మూడు ఊపులు. ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం. తెలుగులో రాసే అక్షరం దాదాపుగా పలికే ముక్కకు సరిపోతుంది కాబట్టి, ఒక్కొక్క హల్లునూ విడదీయమని పిల్లల్ని ఈ వయసులో వేధించనక్కర్లేదు. ఒక్క చోట జాగ్రత్త. ‘గుర్రం’ లాంటి ఒత్తు ఉన్న మాటల్లో పలుకు ‘గుర్–రం’ అని విరుగుతుంది, రాత ‘గు–ర్రం’ అని ఉంటుంది. పిల్లవాడు చెవికి వినపడినట్టు చప్పట్లు కొడితే అది తప్పు కాదు. ఇప్పట్లో ఒత్తులు లేని మాటలే ఎంచుకోండి: పడవ, నెమలి, చిలుక, తాబేలు.

ఇంగ్లీషు పద్ధతులు చూసి తయారు చేసుకున్న తరగతుల్లో తరచూ కనిపించే పొరపాటు ఒకటుంది. ‘ప’ వారం అని చెప్పి పాము, పులి, పెట్టె బొమ్మలు పక్కన పెడతారు. ఇంగ్లీషులో మొదటి హల్లు ఒకటైతే చాలు. మన పిల్లవాడి చెవికి పా వేరు, పు వేరు, కంటికీ అవి వేర్వేరు ఆకారాలే. ‘ప’ కోసం వెతికితే పడవ, పలక, పతకం, పడగ వంటివే ఉండాలి. పాము, పులి గుణింతం నేర్చే రోజుకి దాచుకోండి. ఇంకొకటి: పడవలో ‘ప’తో పాటు ‘వ’ కూడా ఉందని రెండూ ఒకే రోజు చెప్పేయాలనిపిస్తుంది. ప, వ, మ, ష ఒకదానికొకటి పోలిక ఉన్నవి. కలిపి చూపితే నెలల తరబడి తికమక పడతారు. ఈ వారం ‘ప’ ఒక్కటే చాలు. వచ్చే వారం దానికి ఏ పోలికా లేని ‘ర’నో ‘ల’నో తీసుకోండి.

ఇక పనిగది, సుమారు 20 నిమిషాలు. పదిమందికి నాలుగు కప్పుల మైదా, రెండు కప్పుల మెత్తటి ఉప్పు, సుమారు రెండు కప్పుల నీళ్లు, రెండు చెంచాల నూనె. నీళ్లు ఒకేసారి పోయకండి. వేళ్లకు అంటుకుంటే కాస్త పిండి, పగుళ్లు వస్తే తడిచేత్తో పిసికితే చాలు. ఒక్కొక్కరికి గుప్పెడు ముద్ద వస్తుంది. గోధుమ పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి, ఉంటే ఆ వారం మట్టి వాడండి. నోట్లో పెట్టుకునేవాళ్ల మీద కన్ను ఉంచాలి, అంత ఉప్పు ఒంట్లోకి పోవడం మంచిది కాదు. చేతికి గాయం ఉంటే మండుతుంది. పని కాగానే ఆ పిండి భవనం నుంచి బయటికి వెళ్లిపోవాలి. పిండి, ఎండుటాకులు, గింజలు పురుగుల్ని పిలుస్తాయి, ఆ పురుగులు సేకరణలోని చెక్కకూ గుడ్డకూ ఎక్కుతాయి. ఈ మాట క్యూరేటర్ చెప్పకముందే మీరు చెబితే ఆయన మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

ముద్దతో ముందు వాళ్లకు నచ్చిన పడవ చేయనివ్వండి. నమూనా పెట్టకండి. పెడితే అందరివీ ఒకేలా ఉంటాయి, చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా కథ ఉండదు. తర్వాత అదే ముద్దను జానెడు తాడులా దొర్లించి ‘ప’ ఆకారంలో తిప్పండి. మొదలయ్యే చోట ఒక ఆకుపచ్చ చుక్క పెట్టి, అక్కణ్నుంచి చూపుడువేలితో ఆ దారి వెంట ‘ప’ అంటూ మూడుసార్లు నడిపించండి. దొర్లించడం, నొక్కడం, చిదమడం బలపం పట్టే వేళ్లకే కసరత్తు. బొమ్మ గీసే రోజున క్రేయాన్లను 3 సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇవ్వండి. పొడవాటిదైతే పిడికిలితో పట్టుకుంటారు, పొట్టి ముక్కను మూడు వేళ్లతో తప్ప పట్టలేరు. మూడేళ్ల లోపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ వెంట వస్తే మాత్రం ఇలాంటి చిన్న ముక్కలు వాళ్లకు అందకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

ఆ తర్వాతి ఐదు నిమిషాల్ని దేనికోసమూ వదులుకోకండి. ప్రతి బిడ్డ దగ్గర కూర్చుని “దీని గురించి చెప్పు, రాస్తాను” అనండి. ఏం చెబితే అదే, ఆ యాసలోనే, ఆ మాటల్లోనే ఒక లేబుల్ అట్టమీద రాయండి. “నా పడవల చేప కూసుంది” అంటే “కూర్చుంది” అని దిద్దకండి. తన నోటి మాటే కాగితం మీదికి వచ్చిందని వాడికి తెలియాలంటే అది వాడి మాటలాగే ఉండాలి. రాస్తూ పైకి పలకండి, అయ్యాక వేలు ఆనిస్తూ చదివి వినిపించండి. మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కనా లేబుల్ ఉంటుందని పిల్లలు అప్పటికే చూశారు. తమ వస్తువుకూ ఒకటి వచ్చిందంటే రాత అంటే ఏమిటో అర్థమైనట్టే. బొమ్మ మీద మాత్రం అడగకుండా రాయకండి, అది వాళ్లది. వ్రాలు వాళ్లనే చేయమనండి. పిచ్చిగీత గీసినా, సున్నా చుట్టినా, మొదటి అక్షరం ఒక్కటే తిరగేసి రాసినా అదే వాళ్ల సంతకం.

ఇక తల్లిదండ్రులు. నాలుగో వారంలో ఉన్నారు కాబట్టి ఈ శనివారమే ప్రతి పిల్లవాడి సంతకం ఒకటి తేదీ వేసి దాచండి, ఎనిమిదో వారం మరొకటి. గీతలు, వరుసగా గీతలు, అక్షరంలాంటి ఆకారాలు, పేరులో మొదటి అక్షరం, మొత్తం పేరు, ఇలా మెట్లెక్కుతుందని ఒక చిన్న కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. రెండు నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతల దశ అనీ, నాలుగు నుంచి ఏడు దాకా ఆకారాలు పుట్టే దశ అనీ కళావిద్యా పరిశోధకుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో విభజించారు. అది ఒక్క వాక్యంలో చెప్పినా చాలామందికి ఊరట. “ఎన్ని అక్షరాలు?” అని అడిగిన ఆవిడకు నిజమే చెప్పండి: వారానికి ఒకటి చొప్పున పరిచయం చేస్తున్నాం, కొందరికి రెండు నిలుస్తాయి, కొందరికి నాలుగూ నిలుస్తాయి, వాటితో పాటు మాటలు వస్తాయి. ఆ వారం కొత్త మాటలు మూడు, అక్షరం ఒకటి, ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసిన చీటీ చేతికివ్వండి. తరగతిలో కూడా వాళ్లకు పని చెప్పాలి. ఖాళీగా నిలబెడితే పిల్లల బదులు జవాబులు చెబుతారు, పడవను తామే సరిచేస్తారు. “ప్రశ్న మీది, జవాబు పాపది” అని నవ్వుతూ ముందే చెప్పి లేబుల్ రాసే పని వాళ్లకు అప్పగించవచ్చు. అందులో ఒక ఇబ్బంది ఉంది, కొందరు భాష దిద్దేస్తారు. మొదటి వారం మీరు రాసి చూపించి, తర్వాత ఇస్తే నయం.

అధికారులకు మొదటి, చివరి సంతకాలు, వారం వారం లేబుళ్లు కలిపిన ఫోల్డర్ చూపండి. 8 వారాల్లో అక్షరమాల నేర్పుతామని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. అది జరగదు, జరగలేదన్న నింద మీమీదికే వస్తుంది.

క్యూరేటర్‌తో మాట్లాడేటప్పుడు క్షమాపణతో మొదలెట్టకండి, ఏర్పాటుతో మొదలెట్టండి. పిల్లవాడు బాదితే ఆయన భయం అద్దం పగలడం ఒక్కటే కాదు. ఆ అదురుకు లోపలి వస్తువు కదిలి పక్కకు జరుగుతుంది. ఒకే వస్తువు, ఐదుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, 12 నిమిషాలు, లోపల పెన్నులూ రంగులూ తిండీ ఉండవు, పెన్సిళ్లు మాత్రమే అని ఒక పేజీ రాసివ్వండి. ఏ వస్తువు దగ్గర కూర్చుంటారో నాలుగు రోజుల ముందు తెలియజేయండి. అప్పటికీ కాదంటే ఈ విడతకు నకళ్లతో పూర్తిచేసి, ఫోల్డర్ చూపించి మళ్లీ అడగండి.

మాట్లాడని పాపను అందరి ముందు ప్రశ్నించకండి, “ఒక్క మాట చెప్పు తల్లీ” అని బతిమాలకండి. రెండు వస్తువులు చూపి వేలితో ఎంచుకోమనండి, చప్పట్లు కొట్టనివ్వండి, లేబుల్ కోసం మీరే “చేపను పెట్టనా, మనిషిని పెట్టనా?” అని అడిగి తలూపిందాన్ని రాయండి. వింటూ, చేస్తూ ఉంటే ఆ పాప నేర్చుకుంటోందనే లెక్క. ఇంట్లో ఎలా ఉంటుందో తల్లిని విడిగా అడగండి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంటే కొత్తచోటు బెరుకు కావచ్చు, లేదా ఇంట్లో వేరే భాష కావచ్చు. అప్పుడు ఆ భాషలోని మాటను కూడా లేబుల్ మీద పెట్టండి. ఇంట్లోనూ మాటలు తక్కువైతే, పిలిస్తే తిరగకపోతే, వినికిడి పరీక్ష చేయించి పిల్లల డాక్టరుకు చూపించమని మెల్లగా చెప్పండి. దాన్ని వాయిదా వేయకండి.

మానేయాలా అన్నదానికి: మధ్యలో మానేస్తే మిగిలిన 9 మందికి మీరు బాకీ పడతారు, ఏది పనిచేస్తుందో మీకూ తెలియకుండా పోతుంది. 8 వారాలూ పూర్తిచేసి, మళ్లీ మొదలెట్టాలో లేదో అప్పుడు తేల్చుకోండి. చివరి శనివారం పిల్లల పడవలూ నెమళ్లూ వరుసగా పెట్టి చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయండి. వాటినీ, లేబుళ్లనూ 90 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచండి. పెద్దవాళ్లు చదవాలంటే వంగాలి. వంగినప్పుడు పక్కనే నిలబడ్డ పిల్లవాడు వేలు పెట్టి చదివి చూపిస్తాడు.